దుప్పులు ముట్టని పూలు: పాకాల పక్కన నాలుగేండ్ల అనుభవం

మా చెల్క వరంగల్ జిల్లా పాకాల అడవి అంచుకు ఉంటది. అందుల అర ఎకరం కాకర పందిరి. కాకరకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పొద్దున తేనెటీగ లాంటిది వాలకపోతే పిందె పసుపెక్కి రాలుతది. 2021 వానకాలంల ఈగల కోసమని గట్టు పొడుగునా మందార పెట్టిన. మూడు రాత్రుల్లో దుప్పులు మోళ్లు చేసినయ్. మిగిలింది ఊరి మేకలు చూసుకున్నయ్. ఆ తర్వాత వాటికి సయించని మొక్కలనే, అదీ విత్తనంతోనే, పెంచుతున్న.

ముందు ప్యాకెట్ల దొరికే గైలార్డియా అనే పూలమొక్క. ఏండ్ల తరబడి బతుకుతదని ప్యాకెట్ మీద ఉంటది. విత్తనానికి వెలుతురు కావాలె, మట్టి కప్పొద్దు. మొలిచింది, చలికాలమంతా పూసింది, నూగు ఆకును దుప్పి ముట్టలేదు. మరుసటి ఏడు వానలకు నీళ్లు నిలిచినకాడల్లా వేరు కుళ్లింది. నీళ్లు జారే ఎర్రనేల అయితేనే కొనుండ్రి.

బిళ్లగన్నేరు దానికి తలకిందులు, విత్తనం చీకట్లనే మొలుస్తది. చేదు, విషం, మేక కూడా మూతి తిప్పుకుంటది. ఒక్కసారి చల్లితే అదే రాలి అదే మొలుస్తది. కానీ పువ్వు గొట్టం సన్నం. పొడుగు నాలుక సీతాకోకచిలుకకే తేనె అందుతది, తేనెటీగకు ఉత్త చూపే. కాకర కోసమైతే దండుగ.

తులసి మీద మా అమ్మతోని పంచాయితి అయింది. "చెప్పులతోని తిరిగే గట్టు మీద తులసమ్మను పెడ్తవా బిడ్డా?" అన్నది. పందిరి మూలకు జరిపిన. పొద్దంతా ఈగల మోతే. మూడో ఏటికి కట్టెబారుతది, మళ్లీ చల్లుకోవాలె.

అసలు గెలిచింది తంగేడు. పైసా పెట్టకుండ బీడుల ఏరుకొచ్చిన విత్తనం. మొదటిసారి ఊరికే చల్లితే పదిట్ల ఒకటి మొలిచింది, పొట్టు అంత గట్టిది. మరుసటి ఏడు వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టిన. ఉబ్బినవి ఉబ్బినట్టే మొలిచినయ్. రెండో ఏడు పూత. దానిల తేనె ఉండదు, పుప్పొడే. అదీ కేసరాల కొసల సన్న రంధ్రాల నుంచి రావాలె. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకొని జుమ్మని రెక్కల కండరాలు వణికిస్తే పొడి రాలుతది. తేనెటీగకు ఆ విద్య రాదు, అందుకే తులసి పక్కన ఉండాలె. ఆ తుమ్మెదలే పొద్దున కాకర పూల మీద కూడా కనబడుతున్నయ్. పిందె రాలుడు తగ్గింది, అయితే ఎంతని లెక్క కట్టలేదు.

ఒక తప్పు చేసిన. తంగేడు ఆకుకు పచ్చ పురుగు పడ్డదని వేపకషాయం కొట్టిన. తర్వాత చూస్తే అవి లేత ఆకుపచ్చ కలిసిన తెల్ల సీతాకోకచిలుకల పిల్లలు. ఇప్పుడు తిననిస్తున్న, ఆకు మళ్లీ ఇగురుస్తది.

దుప్పి, మేక నాలుగేండ్లల్ల తంగేడు జోలికి రాలే. వచ్చేది మనుషులే. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తెల్లారకముందే సంచులు పట్టుకొని వస్తరు. బతుకమ్మకు వద్దని ఎట్లంట? పోయినేడు రోడ్డు దిక్కు గట్టు వాళ్లకు ఇడిసిపెట్టి, పందిరి దిక్కు గట్టుకు ముళ్లకంప కొట్టిన.