తలకోన దోవ పట్టే ముందు: ఫోన్‌లో ఏ యాప్ మేలు?

తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా పోతే, నెరబైలు దాటాక నా ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. తలకోన జలపాతం దగ్గరికి చేరేసరికి ఒక్కటీ మిగలదు. అందుకే అడవికి పనికొచ్చే యాప్ ఏదని ఎవరు అడిగినా, నేను తిరిగి అడిగేది ఒకటే: నెట్ లేకపోతే అది ఏం చేస్తుంది?

ఇలాంటి యాప్‌ల గురించి వెతికితే ముందుగా అమెరికా వేటగాళ్ళు వాడేవి కనిపిస్తాయి. ఆన్‌ఎక్స్ హంట్ అలాంటిదే. ఏ భూమి సర్కారుది, ఏది సొంతదారుది అన్న హద్దులు మ్యాప్ మీద చూపిస్తుంది. అక్కడ వేటకు లైసెన్సులు, సీజన్లు ఉంటాయి కాబట్టి వాళ్ళకు అది అవసరం. మనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కుందేలుకు ఉచ్చు పెట్టినా కేసే. అయినా ఆ యాప్ వెనకున్న ప్రశ్న మనకూ వర్తిస్తుంది: నేను నిలబడిన చోటు ఎవరిది? తలకోన ఉన్న శేషాచలం కొండల్లో శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ 1989 నుంచి ఉంది. అది ఎర్రచందనం పెరిగే నేల. అనుమతి లేని దోవలో తిరిగే మనిషిని చూస్తే అటవీ సిబ్బందికి ముందు వచ్చేది అనుమానమే. ఏ యాప్ చేతిలో ఉన్నా అటవీశాఖ అనుమతి తీసుకున్నాకే లోపలికి అడుగు పెట్టాలి.

ఇక మ్యాపుల సంగతి. గూగుల్ మ్యాప్స్ తలకోన గేటు దాకా బంగారం. ముందే ఆ ప్రాంతాన్ని డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా కారుకు దారి చెబుతుంది. నడిచే దారి మాత్రం ఆఫ్‌లైన్‌లో చెప్పదు. మనకు కావాల్సింది సరిగ్గా అదే.

ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మ్‌అండ్ రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద ఆధారపడ్డవి. జనం నడిచి, చూసి, గీసిన మ్యాప్ అది. రెంటిలోనూ ఆంధ్రప్రదేశ్ ఫైలు ఇంట్లో వైఫై మీద దింపుకుంటే చాలు, కాలిబాటకు కూడా నెట్ అడగవు. ఆస్మ్‌అండ్‌లో సదుపాయాలు బోలెడు. నడిచిన దోవను రికార్డు చేసుకుని అదే గీత పట్టుకుని వెనక్కి రావచ్చు. కానీ మెనూలు తవ్వుకుంటూ పోవాలి, ఉచిత వెర్షన్‌లో మ్యాప్ డౌన్‌లోడ్‌లకు లెక్క ఉంది. ఆర్గానిక్ మ్యాప్స్ తేలిక. ప్రకటనలు లేవు, మన కదలికల మీద నిఘా లేదు, కొండ ఎంత నిటారుగా ఉందో చెప్పే ఎత్తుగీతలు ఉచితంగానే వస్తాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను ఇదే చెబుతాను.

అయితే మ్యాప్‌ను నమ్మి నేను ఒకసారి దెబ్బతిన్నాను. జలపాతానికి అవతల వైపు చుక్కల గీత ఒకటి కనిపించింది. కాలిబాట గుర్తు. దాన్ని పట్టుకుని అరగంట బండలెక్కాను. జీవాలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన ఎదురై ఆపేశాడు. "అబ్బోడా, అది దోవ కాదు, వంక. పైన వాన పడితే నీళ్ళొచ్చే దోవ అది. దిగు." ఆకాశంలో మబ్బు కూడా లేదు. అయినా దిగాను. మన జిల్లాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులే ఏరులైన సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో వంక పక్కన నడవడం అంటే ప్రాణంతో పందెం.

పిడుగులకు దామిని యాప్ ఒక్కటి చాలు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసింది, చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక ఇస్తుంది. దానికి నెట్ కావాలి కాబట్టి భాకరాపేటలో టీ తాగేటప్పుడే చూసుకోండి.

బ్యాటరీ విషయం ఒకటి. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, ఉపగ్రహాల సంకేతం అందితే చాలు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా చోటు చూపిస్తుంది, సిగ్నల్ కోసం వెతుకుతూ చార్జింగ్ తినదు. జీపీఎస్ లాంటిదే మన దేశానికి సొంతంగా ఉన్న నావిక్. మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆ ఉపగ్రహాల సంకేతాన్ని కూడా కొన్ని ఫోన్లు అందుకుంటాయి. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

పిట్టల కోసం వెళ్ళేవాళ్ళకు మెర్లిన్, ఐనాచురలిస్ట్ మధ్యే ఎంపిక. కార్నెల్ పక్షిశాస్త్ర సంస్థవారి మెర్లిన్ కూత విని పేరు చెబుతుంది. మన ప్రాంతం ప్యాక్ ముందే దింపుకుంటే నెట్ లేకుండానే పనిచేస్తుంది. జలపాతం హోరు పక్కన మాత్రం తడబడుతుంది. డ్రాంగో జాతి పిట్టలు వేరేవాటి గొంతు అనుకరిస్తాయి కాబట్టి, అది చెప్పిన పేరును కళ్ళతో చూశాకే రాసుకోవాలి. ఇంకో మాట, దానిలోని కూతలను అడవిలో గట్టిగా వినిపించొద్దు. గూడు కట్టుకునే వేళ పిట్ట కంగారుపడి గూడు వదిలి తిరుగుతుంది.

ఐనాచురలిస్ట్ చెట్లు, పురుగులు, బల్లులు అన్నింటికీ పనికొస్తుంది. తిరుమల కొండల బంగారు బల్లి ఫోటో పెడితే తెలిసినవాళ్ళు పేరు ఖాయం చేస్తారు. ఫోటోలు అడవిలో తీసుకుని ఇంటికొచ్చాక ఎక్కించినా సరే. దీని మీద నాకు గౌరవం వేరే కారణానికి. ప్రమాదంలో ఉన్న జీవుల ఫోటో పెడితే, తీసిన చోటును అదే మసక చేసి చూపిస్తుంది. నక్షత్ర తాబేళ్ళను పట్టి అమ్ముకునేవాళ్ళున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు. అదే ఫోటోను వాట్సాప్ గ్రూపులో లొకేషన్‌తో సహా పెడితే ఏ రక్షణా లేదు. పిట్టలకే అయితే మెర్లిన్, అడవి మొత్తాన్ని చూసే కన్ను కావాలంటే ఐనాచురలిస్ట్. నా ఫోన్‌లో రెండూ ఉన్నాయి.

ఆ రోజు ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి, పెద్దాయన చెప్పిన చోట కాలిబాట గుర్తు తీసేసి వంక అని మార్చాను. కొన్ని వారాలకు కొత్త ఫైలు దింపుకుంటే ఆర్గానిక్ మ్యాప్స్‌లో అక్కడ నీలం గీత కనిపించింది.