బ్యాంకాక్ నుంచి ఒక రోజు అడవి యాత్ర: ఖావో యాయ్, పెచ్చబురి, కుయి బురిలలో ఏది మేలు?

సెలవులు దగ్గరపడగానే తెలిసినవాళ్లు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. బ్యాంకాక్, పట్టాయా ప్యాకేజీలో ఒక రోజు మిగిలింది. గుళ్లు చూశాం, మాల్స్ తిరిగాం. పిల్లలకు అడవినీ ఏనుగులనూ చూపించాలని ఉంది, కానీ జంతువులను బాధపెట్టే చోటికి వెళ్లం. ఎక్కడికి వెళ్లమంటారు? హైదరాబాద్ నుంచే కాక విశాఖపట్నం నుంచి కూడా బ్యాంకాక్‌కు నేరుగా విమానం వచ్చాక ఈ ప్రశ్న ఇంకా పెరిగింది.

ఏనుగు సవారీని, పులి పక్కన కూర్చుని తీయించుకునే ఫొటోను నేను ఈ పోలికలోకే తీసుకోవడం లేదు. కాంచనబురిలోని పులుల ఆలయం కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. భిక్షువులు పులులను పెంచుతున్నారని ప్రపంచం నలుమూలల నుంచి జనం వెళ్లి వాటి మెడ నిమిరి వచ్చేవారు. 2016లో అధికారులు అక్కడి నుంచి 137 పులులను తరలించారు. ఫ్రీజర్‌లో పదుల కొద్దీ పులికూనల కళేబరాలు దొరికాయి. మనిషి చేయి తగిలినా కదలకుండా పడుకునే పులి వెనుక ఏదో ఒక దారుణం ఉండే తీరుతుంది. కాబట్టి ప్యాకేజీలో అలాంటిది ఉంటే డబ్బు తిరిగి రాకపోయినా సరే, మానేయండి.

మిగిలిన వాటిలో బ్యాంకాక్ నుంచి ఒక రోజులో వెళ్లి రాగలిగినవి ప్రధానంగా మూడు. ఈశాన్యాన ఖావో యాయ్ అడవి. నైరుతిలో పెచ్చబురి దగ్గర ఉన్న వైల్డ్‌లైఫ్ ఫ్రెండ్స్ ఫౌండేషన్ రక్షణ కేంద్రం. ఇంకా దక్షిణానికి పోతే కుయి బురి జాతీయ వనం. మూడూ మంచివే. వీటి మధ్య ఎంచుకునేటప్పుడు దూరం, టికెట్ ధర, భోజనం లాంటివన్నీ చూస్తాం, చూడాలి కూడా. నేను అన్నిటికన్నా ముందు చూసేది మాత్రం వేరు. మనం ఇచ్చిన డబ్బు మనం తిరిగి వచ్చేశాక ఏం చేస్తుంది? ఏనుగు గొలుసు లేకుండా తిరగడం వల్ల ఎవరికైనా పూట గడుస్తోందా, లేక అది గొలుసుతో ఉండడం వల్లనా? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం తికమక తీరిపోతుంది.

ఖావో యాయ్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 1962లో ఏర్పడిన ఈ వనం థాయ్‌లాండ్‌లో మొదటి జాతీయ వనం. విస్తీర్ణం రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైనే. కంబోడియా సరిహద్దు దాకా సాగే అడవుల వరుసలో భాగంగా 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. గిబ్బన్లు అనే తోకలేని వానరాలు కొమ్మ నుంచి కొమ్మకు ఊగుతూ పోవడం, పెద్ద హార్న్‌బిల్ తల మీదుగా ఎగిరితే దాని రెక్కల చప్పుడు కింద నిలబడ్డవాళ్లకు వినిపించడం ఇక్కడి ప్రత్యేకతలు. దుప్పులు సందర్శకుల కేంద్రం దగ్గరి పచ్చికలోకే వచ్చేస్తాయి. విదేశీయులకు ప్రవేశ రుసుము 400 బాత్. ఆ డబ్బు వనాల శాఖకే చేరుతుంది కాబట్టి నా ప్రశ్నకు ఇక్కడ జవాబు బాగానే ఉంది.

ఒక రోజు యాత్రకు వచ్చే చిక్కల్లా సమయంతోనే. బ్యాంకాక్ నుంచి కారులో రెండున్నర, మూడు గంటల దారి. హోటల్‌లో ఉదయం ఫలహారం ముగించుకుని బయలుదేరితే చేరేసరికి పదిన్నర దాటుతుంది. గిబ్బన్ల కూతలు తెల్లవారుజామున మొదలై ఎండ ఎక్కేలోపు ఆగిపోతాయి. ఏనుగులు రోడ్డు మీదికి వస్తే సాయంత్రమే వస్తాయి, మనం అప్పటికి తిరుగు దారిలో ఉంటాం. ముందు రాత్రి అడవికి దగ్గర్లోని పాక్ చోంగ్ ఊళ్లో బస చేయగలిగితే దీనికి సాటి లేదు. బ్యాంకాక్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి రావాలంటే మాత్రం జలపాతం చూసి, నడక దారిలో కాసేపు తిరిగి, కోతులను చూసి రావడమే అవుతుంది. వానాకాలంలో జలపాతాలు నిండుగా ఉంటాయి, జలగలు కూడా. మోకాలి దాకా వచ్చే జలగల మేజోళ్లు అక్కడ దొరుకుతాయి. హేవ్ నరోక్ జలపాతం దగ్గర 2019 అక్టోబరులో 11 ఏనుగులు కొట్టుకుపోయి చనిపోయిన సంగతి పిల్లలకు చెప్పండి. బలమైన అడవిలో కూడా ఏనుగు బతుకు ఎంత ప్రమాదం మధ్య సాగుతుందో వాళ్లకు తెలుస్తుంది.

రెండోది, పెచ్చబురి. 2001లో మొదలైన ఈ కేంద్రం హువా హిన్, చా ఆమ్ పట్టణాలకు దగ్గర, బ్యాంకాక్ నుంచి రెండున్నర గంటలు. ఇళ్లలో పెంచి వదిలేసిన గిబ్బన్లు, బోనుల్లో మగ్గిన ఎలుగుబంట్లు, మూతపడ్డ జంతుప్రదర్శనశాలల నుంచి తెచ్చిన పులులు, సవారీ నుంచి విడిపించిన ఏనుగులు, ఇలా వందలాది జంతువులు ఇక్కడ ఉన్నాయి. రోజంతా ఉండే సందర్శనలో గైడు ఒక్కో జంతువు చరిత్ర చెబుతూ తిప్పుతాడు. ఇక్కడి ‘పై లిన్’ అనే ముసలి ఏనుగు ఫొటో 2023లో ప్రపంచమంతా తిరిగింది, మీరూ చూసే ఉంటారు. పాతికేళ్లు వీపు మీద పర్యాటకులను మోసి మోసి దాని వెన్ను పైకి ఉబ్బి ఉండాల్సిన చోట లోపలికి కుంగిపోయింది. ఏనుగు అంత పెద్దది, మనిషి బరువు దానికొక లెక్కా అనుకునేవాళ్లకు ఇంతకన్నా వేరే సమాధానం అక్కర్లేదు.

ఇలాంటి కేంద్రాల అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. థాయ్‌లాండ్‌లో ఏనుగులు తరతరాలుగా దుంగలు లాగే పని చేశాయి. 1989లో ప్రభుత్వం అడవుల్లో కలప నరకడాన్ని నిషేధించింది. అడవికి అది మేలే. కానీ ఏనుగులకూ మావటులకూ ఒక్కసారిగా పని పోయింది. రోజుకు 150 కిలోలకు పైగా తినే జంతువును పని లేకుండా పోషించడం ఎవరి తరం? కొందరు వాటిని నగర వీధుల్లో తిప్పి అడుక్కున్నారు, ఎక్కువమంది పర్యాటక శిబిరాలకు చేరారు. ఇప్పుడు ఆ దేశంలో మూడు వేలకు పైగా ఏనుగులు మనుషుల అధీనంలో ఉన్నాయి. చట్టం కూడా వీటిని అడవి ఏనుగుల నుంచి వేరు చేసింది. 1939 నాటి పశువుల చట్టం కింద ఇవి ఎద్దు, గేదె లాంటి పని పశువులు, అంటే ఒకరి సొత్తు. వీటన్నిటినీ అడవిలోకి తోలేయమనడం తేలిక. అంత అడవీ లేదు, వాటికి ఆ అలవాటూ పోయింది. 2020లో కరోనా వచ్చి పర్యాటకులు ఆగిపోతే శిబిరాల్లో ఏనుగులు పస్తులున్నాయి, కొన్నిటిని మావటులు రోజుల తరబడి సొంత ఊళ్లకు నడిపించుకుపోయారు. అందుకే నిజాయితీగా నడిచే రక్షణ కేంద్రానికి మనం ఇచ్చే టికెట్ డబ్బు ఊరికే పోదు. అది ఒక ముసలి ఏనుగుకు మేత అవుతుంది.

నిజాయితీని ఎలా కనిపెట్టాలి అంటే, బోర్డు మీద ఏ పేరుందో చూడకండి, టికెట్‌లో ఏం అమ్ముతున్నారో చూడండి. సవారీ మానేసిన శిబిరాలు చాలా వరకు ఇప్పుడు స్నానం అమ్ముతున్నాయి. ఏనుగుతో కలిసి నదిలో దిగి, దాని మీద నీళ్లు చల్లి, బురద పూసే కార్యక్రమం. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ పొద్దున ఒక గుంపు, మధ్యాహ్నం ఒక గుంపు వస్తే ఏనుగు తనకు ఇష్టమున్నా లేకున్నా ఆ నీటిలో నిలబడాలి. కొత్తవాళ్లు చుట్టుముట్టినా బెదరకుండా నిలబడాలంటే చిన్నప్పుడే తల్లి నుంచి విడదీసి, కట్టి, కొట్టి లొంగదీసి ఉండాలి. దక్షిణ థాయ్‌లాండ్‌లో 2025 జనవరిలో ఇలా స్నానం చేయిస్తుండగానే ఏనుగు దాడిలో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ప్రాణం పోగొట్టుకుంది. శిబిరంలో గున్నలు ఎక్కువగా కనిపించినా అనుమానించండి. అక్కడ పుట్టే ప్రతి గున్నకూ అరవై ఏళ్ల చెర రాసిపెట్టినట్టే.

చియాంగ్ మై వెళ్లేవాళ్లకు ఇదే కోవలో ఎలిఫెంట్ నేచర్ పార్క్ ఉంది. సాంగ్‌డువాన్ చైలెర్ట్ అనే ఆమె స్థాపించారు, అందరూ లెక్ అని పిలుస్తారు. ఊరికి 60 కిలోమీటర్ల దూరంలో మే తేంగ్ లోయలో ఉంది. రోజంతా సందర్శనకు 2,500 బాత్ దాకా అవుతుంది, శాకాహార భోజనంతో సహా. సవారీ లేదు, సందర్శకుల చేత స్నానమూ లేదు. 2024 అక్టోబరు వరదల్లో ఈ లోయ మునిగినప్పుడు రెండు ఏనుగులు చనిపోయాయి. బ్యాంకాక్ నుంచి ఒక్క రోజుకు అంత దూరం వెళ్లమని మాత్రం చెప్పను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొగ కమ్ముకుని ఉంటుంది, మన వేసవి సెలవుల ప్రయాణాలకు అదొక అడ్డంకి.

ఇక కుయి బురి. మన ప్యాకేజీల్లో ఈ పేరు కనిపించదు. నా ఓటు మాత్రం దీనికే.

హువా హిన్‌కు దక్షిణాన గంటన్నర దూరంలో, మయన్మార్ సరిహద్దు కొండల అంచున ఉందిది. ఈ చుట్టుపక్కల నేల అనాస పంటకు పేరు. ఒకప్పుడు అడవి అంచులు నరికి అనాస తోటలు వేశారు. మేత తగ్గిన ఏనుగులు తోటల మీద పడ్డాయి. అప్పు చేసి వేసిన పంట ఒక్క రాత్రిలో పోతే రైతు ఊరుకుంటాడా? విషం పెట్టారు, తుపాకులతో కాల్చారు. 1990ల చివర్లో ఆ ఏనుగుల చావులు దేశమంతటినీ కదిలించాయి. అప్పటి రాజు భూమిబోల్ కల్పించుకుని, ఏనుగు అడవిలోనే ఉండాలంటే దానికి మేత అడవిలోనే దొరకాలని ఒక పథకం మొదలుపెట్టించారు. ఆక్రమణలోకి పోయిన భూమి కొంత తిరిగి అడవిలో కలిసింది. గడ్డి పెంచారు, నీటి గుంటలు తవ్వారు, జంతువులు నాకే ఉప్పు మట్టి ఏర్పాటు చేశారు. 1999లో జాతీయ వనమైంది. 2021లో కాంగ్ క్రచాన్ అడవులతో కలిసి ప్రపంచ వారసత్వ జాబితాలోనూ చేరింది.

ఇప్పుడక్కడికి వెళితే మీ కారు ప్రవేశ ద్వారం దగ్గరే ఆగిపోతుంది. స్థానికుల పికప్ బండి ఎక్కాలి, బండి వెంట ఒక గైడు వస్తాడు. డ్రైవర్లు, గైడ్లు చుట్టుపక్కల పల్లెలవాళ్లే. ఏనుగులంటే పంట నష్టం తప్ప మరేమీ తెలియని ఊళ్లలో ఇప్పుడు ఏనుగు కనిపిస్తేనే ఆ రోజు కూలి గిట్టుబాటవుతోంది. నా ప్రశ్నకు ఇంత నేరుగా జవాబు చెప్పే చోటు నాకు ఇంకొకటి కనిపించలేదు. గొడవ పూర్తిగా తీరిపోయిందని కాదు. ఏనుగులు ఇప్పటికీ తోటల్లోకి వస్తాయి, రైతులు రాత్రుళ్లు కాపలా కాస్తారు. ఏనుగులు అడవి దాటే చోట్ల కెమెరాలు పెట్టారు. వాటిలో బొమ్మ పడగానే సిబ్బందికి సమాచారం వెళుతుంది. పలమనేరు, కుప్పం వైపు రైతులకూ పార్వతీపురం మన్యం రైతులకూ ఈ బాధ చెప్పనక్కర్లేదు. మన దగ్గర 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీలను, అంటే అడవి ఏనుగులను తరిమేందుకు శిక్షణ ఇచ్చిన ఏనుగులను, తెచ్చుకోవాల్సి వచ్చింది. పంట పోగొట్టుకున్న రైతుకే ఏనుగు ద్వారా ఆదాయం రావాలన్న ఆలోచన మన చిత్తూరు అడవుల అంచున కూడా ఒకసారి ప్రయత్నించదగ్గది. ఆ పని ఎలా నడుస్తుందో కళ్లారా చూడడానికైనా మన తెలుగువాళ్లు కుయి బురి వెళ్లాలంటాను.

ఒక రోజు యాత్రకు ఇక్కడి సమయం కూడా కలిసి వస్తుంది. బండ్లు తిప్పేది మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఆరు దాకానే, ఎందుకంటే ఎండ తగ్గాకే ఏనుగులు మైదానాల్లోకి దిగుతాయి. కాబట్టి బ్యాంకాక్‌లో ఉదయం తీరిగ్గా బయలుదేరినా ఏమీ పోదు. గైడ్లు ఏ మైదానంలో మంద ఉందో వైర్‌లెస్ సెట్లలో ఒకరికొకరు చెప్పుకుంటారు. దిగి చూసే చోట్లు గట్టు మీద, మందకు చాలా దూరంలో ఉంటాయి. ఏనుగుకు మనం నచ్చకపోతే అడవిలోకి వెళ్లిపోతుంది, అంతే. ఎక్కువమందికి ఏనుగులు కనిపిస్తాయి, అడవి దున్నల గుంపులు కూడా. హామీ మాత్రం ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఫోను కెమెరాలో ఏనుగు చీమంత పడుతుంది. పిల్లలకు ఒక మంచి బైనాక్యులర్ కొనివ్వండి.

ఇబ్బందులూ ఉన్నాయి. నేరుగా బస్సు లేదు, కారు మాట్లాడుకోవాల్సిందే. తిరిగి బ్యాంకాక్ చేరేసరికి రాత్రి పది దాటుతుంది. పికప్ వెనుక బల్లల మీద గతుకుల్లో కూర్చోవాలి కాబట్టి నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లకు కష్టం. నాయనమ్మ, తాతయ్య వెంట ఉన్నా, మరీ చిన్నపిల్లలు ఉన్నా పెచ్చబురి కేంద్రానికే వెళ్లండి. జంతువులు తప్పకుండా కనిపిస్తాయి, నీడ, భోజనం ఉంటాయి. రెండు రాత్రులు హువా హిన్‌లో ఉండగలిగితే ఒక రోజు అదీ, ఒక రోజు ఇదీ చూడవచ్చు. పక్షుల పిచ్చి ఉన్నవాళ్లు, నడకంటే ఇష్టమున్నవాళ్లు ఖావో యాయ్‌ను వదలకండి, కాకపోతే ఒక రాత్రి ఆగండి.

ఫుకెట్ వెళ్లేవాళ్లు బాంగ్ పే జలపాతం దగ్గరి గిబ్బన్ పునరావాస కేంద్రాన్ని చూడవచ్చు, ఒక పూట చాలు. ఖావో సోక్ సరస్సు యాత్ర అందమైనదే, కానీ జంతువుల కోసం వెళ్లేది కాదు. బ్యాంకాక్ శివార్లలోని సఫారీ పార్కులు జంతుప్రదర్శనశాలలే, వాటి గురించి ఇక్కడ చెప్పను.

కుయి బురికి బయలుదేరే ముందు ఒక ఫోను చేయించండి. వానాకాలంలో వనాన్ని కొన్ని వారాలు మూసేస్తారు, ఆ తేదీలు ఏటా మారుతుంటాయి. బ్యాంకాక్ డ్రైవర్లకు ఈ దారి అంతగా అలవాటు ఉండదు, కాబట్టి కారును హువా హిన్‌లోనే మాట్లాడుకోండి. మధ్యాహ్న భోజనం కుయి బురి ఊళ్లోనే ముగించండి, వనంలో తిండి దొరుకుతుందని అనుకోవద్దు. మెరిసే రంగుల బట్టలు వద్దు.