స్పిన్ బైక్ పెడళ్లు: క్లీట్ షూలా, టో కేజ్‌లా?

నల్లగొండలో ఏప్రిల్ వచ్చిందంటే ఉదయం ఎనిమిది దాటాక రోడ్డు మీద సైకిల్ తొక్కడం ఎవరికైనా కష్టమే కనుక, వ్యాయామం మానలేనివారు జిమ్ములోనో ఇంట్లోనో స్పిన్ బైక్ ఎక్కుతారు. అయితే బైక్ కొనేటప్పుడు తెర మీద కేలరీలు కనిపిస్తాయా లేదా అని పదిసార్లు విచారించేవారు కూడా పాదం ఆనే పెడల్ ఎలాంటిదో చూడరు. నేను జిమ్ములో టో కేజ్ పెడళ్లు, ఇంట్లో ఒకవైపు టో కేజ్, మరొకవైపు క్లిప్, అంటే బూటు అడుగున మరలతో బిగించే క్లీట్ అనే బిళ్లను పట్టుకునే కొక్కెం, ఉన్న పెడళ్లు వాడుతున్నాను. ఒక్కరే తొక్కే బైకుకు క్లీట్ షూలు, ఇంటిల్లిపాదీ తొక్కే బైకుకు టో కేజ్‌లు సరిపోతాయన్నది నా నిర్ణయం. ఈ రెండింటికంటే ముందు చూడవలసింది మాత్రం బూటు అడుగు.

టో కేజ్ అంటే పెడల్ ముందు బిగించిన ప్లాస్టిక్ చట్రం, పాదం మీదుగా వచ్చే ఒక పట్టీ, అంతే. ఏ బూటుతోనైనా పనిచేయడం దాని పెద్ద గుణం. లోపం ఎక్కడంటే, పాదం ఎంత లోపలికి వెళ్లాలో మన ఇష్టం కాక చట్రం లోతే నిర్ణయిస్తుంది. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కీలు పెడల్ ఇరుసుకు పైన ఉంటే తొక్కడం హాయిగా ఉంటుంది. పెద్ద పాదం వారికి బూటు మొన చట్రానికి తగిలి ఆ కీలు ఇరుసుకు వెనకే ఆగిపోతుంది, చిన్న పాదం వారికి అది ముందుకు జారి, పాదం నడిభాగంతో తొక్కవలసి వస్తుంది. పట్టీ వదులుగా ఉంటే లేచి నిలబడి తొక్కేటప్పుడు మడమ అటూ ఇటూ ఊగుతుంది, మరీ బిగిస్తే కాసేపటికే వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

మన ఇళ్లలో బూట్లతో తిరిగే అలవాటు లేదు కనుక చాలామంది ఒట్టి కాళ్లతోనో, రబ్బరు చెప్పులతోనో తొక్కేస్తారు. పెడల్ పళ్లు అరికాల్లో గుచ్చుకుంటాయి, పట్టీ అంచు చెమట పట్టిన చర్మాన్ని ఒరుస్తుంది. మెత్తని వాకింగ్ బూటు వేసుకున్నా పెద్దగా మేలు లేదు. దాని అడుగు వంగిపోయి బరువంతా ఇరుసు మీదున్న కాస్త చోటనే పడుతుంది. క్లీట్ షూలకు దక్కుతున్న కీర్తిలో సగం నిజానికి వాటి గట్టి అడుగుది. వంగని అడుగున్న మామూలు బూటు వేసుకుని టో కేజ్‌లో అరగంట తొక్కితే ఈ సంగతి ఎవరికైనా తెలుస్తుంది.

క్లిప్ పెడళ్లు పుట్టింది మన అవసరం కోసం కాదు. మంచు మీద జారే స్కీ బూట్ల బిగింపులు తయారుచేసే ఫ్రెంచి సంస్థ లుక్, అదే పద్ధతిని 1984లో సైకిల్ పెడల్‌కు తెచ్చింది. మరుసటి ఏడాది ఫ్రెంచి సైక్లిస్టు బెర్నార్డ్ ఇనో వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచాడు. 1990లో జపాన్ సంస్థ షిమానో తెచ్చిన ఎస్‌పీడీ పద్ధతిలో రెండు మరల చిన్న లోహపు క్లీట్ బూటు అడుగున గాడిలోకి ఒదిగి ఉంటుంది. జిమ్ము బైకుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మూడు మరల క్లీట్లు పెద్దవి, బూటు అడుగు నుంచి బయటికి పొడుచుకు వస్తాయి. షాబాదు బండల మీదా, నున్నని టైల్స్ మీదా వాటితో నాలుగడుగులు వేయడమే ప్రమాదం కనుక, ఇంటికి రెండు మరల రకమే కొనమంటాను.

క్లీట్ మొనను పెడల్ ముందు కొక్కేనికి తగిలించి మడమ దించితే టక్కుమని పట్టుకుంటుంది. మడమను బయటికి తిప్పితే వదులుతుంది. ఈ పట్టు ఎంత గట్టిగా ఉండాలో మార్చే చిన్న మర ఒకటి పెడల్ మీద ఉంటుంది. కొత్తవారు దాన్ని 3 మిల్లీమీటర్ల అలెన్ కీతో పూర్తిగా వదులు చేసుకుని మొదలుపెట్టాలి. షిమానో క్లీట్లలోనూ ఎస్‌హెచ్ 51 మడమను పక్కకు తిప్పితేనే వదులుతుంది, ఎస్‌హెచ్ 56 మరికొన్ని దిక్కుల్లో లాగినా వదులుతుంది; పెడళ్లతో సాధారణంగా మొదటిదే వస్తుంది గనుక రెండోది విడిగా అడిగి తీసుకోవడం మంచిది. క్లీట్‌ను వంకరగా బిగిస్తే ఆ వంకరంతా మోకాలే భరించాలి. కాబట్టి నడిచేటప్పుడు మీ పాదం సహజంగా ఎటు తిరిగి ఉంటుందో చూసి అలాగే బిగించండి. పెడల్‌ను పైకి లాగితే బలం రెట్టింపవుతుందని కొందరు ట్రైనర్లు చెబుతుంటారు గానీ, బలంలో అధిక భాగం కిందికి తొక్కే ఊపులోనే పుడుతుంది. పైకి వచ్చే కాలు తన బరువు తాను మోసుకుంటే చాలు.

అసలు జాగ్రత్త మరొకచోట ఉంది. చాలా స్పిన్ బైకుల్లో ఫ్లైవీల్ అనే పెద్ద చక్రం, పెడళ్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, మనం తొక్కడం ఆపినా బరువైన ఫ్లైవీల్ పెడళ్లను తిప్పుతూనే ఉంటుంది. నిమిషానికి 90 చుట్లు తిరుగుతుండగా పాదం ఊడిందంటే పెడల్‌ను మోసే కడ్డీ, అంటే క్రాంక్, వచ్చి మోకాలి కింద ఎముకకు తగులుతుంది. ఈ విషయంలో క్లీట్‌దే పైచేయి, ఎందుకంటే అది బిగించిన చోట పాదాన్ని కదలనివ్వదు. ఏ పెడల్ అయినా సరే, బ్రేక్ నాబ్‌ను కిందికి నొక్కి ఫ్లైవీల్ పూర్తిగా ఆగాకే కాలు తీయాలి. టో కేజ్ పట్టీ కొస వేలాడనివ్వకూడదు, చున్నీ నడుముకు చుట్టుకోవాలి.

క్లీట్ షూలు అందరికీ నప్పుతాయని చెప్పలేను. తాగునీటి ఫ్లోరైడ్‌తో మన జిల్లా తరతరాలుగా బాధపడింది. కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నారు. వారికి వ్యాయామం ఎంతవరకు తగునో డాక్టరు చెప్పాలి, కానీ మడమను పక్కకు తిప్పి విడిపించుకొమ్మని వారిని అడగడం న్యాయం కాదు. అలాంటి ఇంట్లో టో కేజే మేలు, అదీ పట్టీ కాస్త వదులుగా. పైగా బూట్లు ఒక్కొక్కరికీ విడిగా కొనాలి, ఒక్కో జత నాలుగైదు వేలు దాటుతుంది.

పెడళ్లు మార్చదలచినవారు ముందు క్రాంక్ మర కొలత చూడాలి. స్పిన్ బైకులకు సాధారణంగా 9/16 అంగుళాల మర ఉంటుంది, చవక రకం వ్యాయామ సైకిళ్లలో కొన్నిటికి అర అంగుళం మర వస్తుంది. రెండోదానికి ఎస్‌పీడీ పెడళ్లు పట్టవు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది కనుక 15 నంబరు పానాతో బలవంతంగా అటూ ఇటూ తిప్పి క్రాంక్ మర చెడగొట్టుకోవద్దు. బజారులో సైకిల్ రిపేరు చేసే ఎవరికైనా ఈ పని అయిదు నిమిషాలది.

జిమ్ముల యజమానులకు ఒక విన్నపం. తెగిన పట్టీ స్థానంలో ప్లాస్టిక్ టై గానీ, సుతిలి తాడు గానీ కట్టి బైకును మళ్లీ వరుసలో పెట్టకండి. కొత్త పట్టీల జత ధర ఒకరి నెల ఫీజుకంటే తక్కువే. అది వచ్చేదాకా ఆ బైకును పక్కన పెట్టడం మంచిది.