యూఎన్ఎల్‌తో ఆరేళ్ళు: అన్నీ బాగున్నాయి గానీ, 'మనం' ఏదీ?

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో మా పెదనాన్న కొబ్బరి తోట నేలమట్టమైంది. ఆ తర్వాత నాకో పిచ్చి పట్టింది: తుఫాను హెచ్చరికను ఒక్కసారి రాసి పెడితే కంప్యూటరే తెలుగులోనూ, ఒడియాలోనూ చెప్పాలి. ఇచ్ఛాపురం వైపు రెండూ కావాలి మరి. అలా యూఎన్ఎల్ (యూనివర్సల్ నెట్‌వర్కింగ్ లాంగ్వేజ్) నియమావళి ప్రింటు తీయించి, బైండింగ్ చేయించాను. ఆ అట్ట ఇప్పుడు ఊడిపోయింది.

తెలియనివాళ్ళకు ఒక మాట. ఇది మనుషులు మాట్లాడే భాష కాదు, వాక్యం అర్థాన్ని కంప్యూటర్ కోసం రాసి పెట్టే భాష. 1996లో టోక్యోలోని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయంలో హిరోషి ఉచిదా ఆధ్వర్యంలో మొదలైంది. మన దగ్గర ఐఐటీ బొంబాయి హిందీ, మరాఠీలతో దీని మీద పనిచేసింది. ఇందులో ఉండేవి మూడే: మాటలు, వాటి మధ్య సంబంధాలు, మాటకు తగిలించే గుర్తులు.

సంబంధాలు నాకు తెగ నచ్చాయి. చేసినవాళ్ళకు ఏజీటీ, పని ఎవరి మీద జరిగితే వాళ్ళకు ఓబీజే, చోటుకు పీఎల్‌సీ. బళ్ళో బట్టీ పట్టిన విభక్తులే వేషం మార్చుకుని వచ్చినట్టుంది. ఒక్కచోట మాత్రం నెలల తరబడి తప్పు చేశాను. 'పెద్దమ్మకు భయమేసింది' అంటే పెద్దమ్మకు ఏజీటీ పెట్టేవాణ్ణి. ఆవిడ చేసిందేముంది పాపం! అలాంటి స్థితిలో ఉన్నవాళ్ళకు ఏఓజే అని వేరే ఉంది.

కాలం గుర్తులకైతే పూర్తి మార్కులు. మధ్యలో 2013లో వచ్చిన ఏఎంఆర్ (అబ్‌స్ట్రాక్ట్ మీనింగ్ రిప్రజెంటేషన్) పద్ధతి కూడా చూశాను. అదీ వాక్యం అర్థాన్ని బొమ్మలా రాసి పెట్టేదే. రాయడం దాంట్లోనే తేలిక. కానీ అది కాలాన్ని పట్టించుకోదు. 'తుఫాను తీరం దాటింది', 'దాటుతుంది' రెండింటికీ ఒకటే బొమ్మ. హెచ్చరికకు అదేం పనికొస్తుంది? ఆ రోజే మూసేశాను.

అసలు తలనొప్పి మాటల దగ్గర. మూలమాటలన్నీ ఇంగ్లీషువే, పక్కన బ్రాకెట్లో వివరం పెట్టి అర్థం బిగించుకోవాలి. ఒక హెచ్చరికలో నేను 'వియ్' (we) అని రాసి ఊరుకున్నాను. నా ప్రోగ్రాము దాన్ని 'మేము సాయంత్రంలోగా ఇళ్ళు ఖాళీ చేయాలి' అని తెలుగు చేసింది. పెద్దమ్మకు చదివి వినిపిస్తే, "అయితే ఆళ్ళు ఎల్లిపోతారేటి? మనం ఉండిపోవచ్చన్నమాట" అంది.

నవ్వాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు. నిజం తుఫానప్పుడు అలా వెళ్తే? మనం, మేము తేడాకు నేనే ఒక గుర్తు కల్పించుకున్నాను. నా ప్రోగ్రాముకు తప్ప ఇంకెవరి ప్రోగ్రాముకీ అది తెలియదు. అందరికీ ఒకే భాష అన్న మాట అక్కడే సగం పోయింది. ఇంగ్లీషులో ఇద్దరూ 'బ్రదరే' కాబట్టి అన్న, తమ్ముడు దగ్గరా ఇదే గొడవ.

వాక్యానికి పావుగంట పడుతుంది. ఓపికుంటేనే దీని జోలికి వెళ్ళండి. తెలుగు వరకూ నాకు పని జరుగుతోంది, ఒడియా ఇంకా సగంలోనే ఉంది.