డిష్‌వాషర్ తలుపు పార్టు అరిగితే: కంపెనీదా, బజారుదా, కొత్త మిషనా?

2020 లాక్‌డౌన్‌లో పనివాళ్లు రాక డిష్‌వాషర్ కొన్న ఇళ్లు మన తిరుపతిలోనూ ఉన్నాయి. ఆ మిషన్లకు ఇప్పుడు ఐదేళ్లు దాటాయి. మోటారు బాగానే తిరుగుతుంది, అంట్లు శుభ్రంగానే వస్తాయి, కానీ తలుపు దగ్గర ఏదో ఒకటి అరిగిపోతుంది. కింద నీళ్లు కారతాయి, లేదా తెరవగానే తలుపు దభీమని పడుతుంది, లేదా ఎంత నొక్కినా మూసుకోదు. అప్పుడు నలుగురూ నాలుగు మాటలు చెప్తారు. కంపెనీకి ఫోన్ చెయ్యమని ఒకరు, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుందని ఒకరు, బజారులో బీడింగు కోయించి అతికించమని ఒకరు, దీన్ని తీసేసి కొత్తది కొనమని ఇంకొకరు.

నా మాట ముందే చెప్తాను. అరిగింది తలుపు అంచుల్లో నీళ్లు ఆపే రబ్బరైతే మీ మోడల్‌కు సరిపోయే అసలు పార్టు తెప్పించుకుని మీరే వేసుకోండి. తలుపు పడిపోకుండా పట్టుకునే స్ప్రింగో దాని తాడో అయితే అసలు పార్టే కొనండి, కానీ బిగించడానికి మెకానిక్‌ను పిలవండి. బజారు బీడింగు జోలికి మాత్రం ఏ పరిస్థితిలోనూ వెళ్లకండి.

అయితే డబ్బు పెట్టే ముందు పోయింది రబ్బరేనా అని చూసుకోవాలి. తలుపు దగ్గర తడి కనిపించగానే రబ్బరు మీద నెపం వేస్తాం గానీ, కారణం చాలాసార్లు వేరే ఉంటుంది. డిష్‌వాషర్ పౌడర్ అయిపోయిందని గిన్నెలు తోమే మామూలు లిక్విడ్ పోస్తే నురగ పొంగి తలుపు సందుల్లోంచి బయటికి వస్తుంది. వెడల్పాటి పళ్లెమో మూకుడో ముందు వరుసలో నిలబెడితే, నీళ్లు చిమ్మే చేయి విసిరిన ధార దానికి తగిలి నేరుగా తలుపు మీద పడుతుంది. ఆ చేయికి పగులు ఉన్నా ఇదే జరుగుతుంది. మిషను ముందుకు వాలి ఉన్నా నీళ్లు గడప దాటతాయి. పగిలిన చేయి తప్ప మిగతా వాటికి రూపాయి ఖర్చు లేదు. మిషను కాళ్లు సరిచేసి, ఫిల్టరు కడిగి, సరైన పౌడర్ వేసి ఒకసారి ఖాళీగా తిప్పి చూడండి. అప్పటికీ కారితేనే రబ్బరు సంగతి.

ఎక్కడ కారుతుందో కూడా గమనించండి. చాలా మిషన్లలో పెద్ద రబ్బరు తలుపు చుట్టూ పూర్తిగా ఉండదు. పైనా రెండు పక్కలా మాత్రమే ఉంటుంది. కింది భాగానికి వేరే రబ్బరు పట్టీ ఉంటుంది, దాని పేరు వేరు, పార్టు నంబరు వేరు. నీళ్లు కింది మూలల్లోంచి వస్తుంటే ముందు అనుమానించాల్సింది ఆ పట్టీని. పెద్ద రబ్బరు మార్చినా కారడం ఆగలేదని బాధపడేవాళ్లలో చాలామంది ఈ రెండో పట్టీని చూడనే చూడరు. మసాలా జిడ్డు, అన్నం మెతుకులు చేరేది కూడా అక్కడే. తడిగుడ్డతో తుడిస్తే కొన్నిసార్లు అంతటితోనే కారడం ఆగిపోతుంది.

రబ్బరు నిజంగా పోయిందనడానికి గుర్తులున్నాయి. వేలితో నొక్కితే మెత్తగా దిగి మళ్లీ లేవాలి. గట్టిగా, చదునుగా అయిపోయినా, మూలల్లో పగిలినా దాని పని అయిపోయినట్టే. మన దగ్గర దీనికి ఇంకో కారణం తోడవుతుంది. అపార్ట్‌మెంట్లలో వాడే బోరు నీళ్లలో గట్టితనం, అంటే కాల్షియం లాంటి లవణాలు ఎక్కువ. ఆ తెల్లటి పొర గిన్నెల మీదే కాదు, రబ్బరు మడతల్లోనూ పేరుకుంటుంది. అందుకే మిషనులో నీటి గట్టితనం తగ్గించే డిష్‌వాషర్ ఉప్పు అయిపోకుండా చూసుకోవడం, నీటి గట్టితనానికి తగ్గట్టు సెట్టింగు పెట్టుకోవడం రబ్బరు ఆయుష్షుకు కూడా ముఖ్యం. పొర పలచగా ఉంటే నిమ్మ ఉప్పు నీళ్లలో గుడ్డ ముంచి తుడిచి, వెంటనే మంచి నీళ్లతో మళ్లీ తుడవండి.

ఇప్పుడు అసలు పోలిక. ముందు కంపెనీ వాళ్లనే పిలవడం. వారంటీ ఇంకా ఉంటే రెండో ఆలోచన వద్దు, మీరు చెయ్యి పెట్టకండి, వాళ్లనే రానివ్వండి. వారంటీ అయిపోతే బిల్లులో పార్టు ధర వేరు, మనిషి వచ్చినందుకు వేరు, పనికి వేరు, వాటి మీద జీఎస్టీ. రబ్బరు ధర కన్నా అది వేసిన ఖర్చే ఎక్కువ కావచ్చు. వేయడమేమో మీరే చేసుకోగల పని. కాబట్టి పార్టు మాత్రం కంపెనీ నుంచి తెప్పించుకోవడం మేలని నా అభిప్రాయం. తలుపు తెరిస్తే దాని అంచు మీదో, లోపలి అంచు పక్కనో స్టిక్కరు ఉంటుంది. బాష్, సీమెన్స్ మిషన్లలో ‘ఇ-ఎన్ఆర్’ అని రాసి ఉండే నంబరు అదే. దాన్ని ఫోటో తీసి పంపండి. 12 మంది గిన్నెలు పట్టేదో 14 మందివి పట్టేదో అని సైజు చెప్తే చాలదు, ఒకే కంపెనీలో ఒకే సైజుకు రబ్బర్లు వేర్వేరుగా ఉంటాయి. తిరుపతిలో మిక్సీ, కుక్కర్ సామాను దొరికినంత సులువుగా ఇది దొరకదు. చెన్నై నుంచో బెంగళూరు నుంచో రావాల్సిందే అనుకుని నాలుగు రోజులు ఓపిక పట్టండి.

రెండోది ఆన్‌లైన్‌లో దొరికే వేరే తయారీ రబ్బరు. ఇందులో రెండు రకాలు. మీ పార్టు నంబరు పేర్కొని, ‘దీనికి సరిపోతుంది’ అని అమ్మేవి కొన్ని. వాపసు తీసుకునే అవకాశం ఉంటే వీటిని ప్రయత్నించవచ్చు. రాగానే పాతదాని పక్కన పెట్టి పొడవు, గాడిలో కూర్చునే అడుగు భాగం ఆకారం, పెదవి, అంటే తలుపుకు ఆనే పలచని అంచు, ఎటు తిరిగిందో చూసి, ఒక్కటి తేడా ఉన్నా వెనక్కి పంపండి. ఇక అన్ని మిషన్లకూ పనికొస్తుంది, కావలసినంత కోసుకోండి అని అమ్మేవి. వాటిని వదిలెయ్యండి.

మూడోది బజారు బీడింగు, దానికి తోడు సిలికాన్ జిగురు. మన ఊళ్లో ఎక్కువగా వినిపించే సలహా ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఫ్రిజ్ తలుపు బీడింగు పీవీసీతో, లోపల అయస్కాంతం పట్టీతో చల్లదనం కోసం చేసింది. కారు తలుపుది గాలి, వాన ఆపడానికి చేసింది. డిష్‌వాషర్‌లో మాత్రం 50 నుంచి 70 డిగ్రీల వేడి నీళ్లు, దాంతోపాటు ఘాటైన క్షారం ఉండే పౌడర్ రోజూ తగులుతాయి. అందుకని వీటి రబ్బరు సాధారణంగా ఈపీడీఎం అనే రకం. కుక్కర్‌కు వేరే కంపెనీ గాస్కెట్ వేస్తే విజిల్ రాకుండా పక్కల్నుంచి ఆవిరి పోయినట్టే, ఇక్కడా ఆకారం కుదరకపోతే నీళ్లు దారి వెతుక్కుంటాయి. జిగురు పరిస్థితి ఇంకా ఘోరం. అది గాడిలో గట్టిపడిందంటే తర్వాత అసలు రబ్బరు తెచ్చినా కూర్చోదు. గాడిని గీకి శుభ్రం చేయడానికి గంటలు పడుతుంది, గాడి దెబ్బతింటే మిషనే పోయినట్టు. ఆ జిగురు డబ్బాతో మిగిల్చిన డబ్బు కన్నా పోగొట్టుకునేది చాలా ఎక్కువ.

వేయడం కష్టమేమీ కాదు. ముందు ప్లగ్ పీకేయండి. చాలా మిషన్లలో పాతదాన్ని చేత్తో లాగితే వచ్చేస్తుంది, జిగురు ఉండదు. తీసే ముందు పెదవి ఎటు ఉందో ఫోటో తీసుకోండి. పాత టూత్‌బ్రష్‌తో గాడంతా రుద్ది, తుడిచి ఆరనివ్వండి. కొత్త రబ్బరు ప్యాకెట్‌లో మడతపడి వస్తుంది, కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే మెత్తబడుతుంది. పైభాగం మధ్యలో మొదలుపెట్టి, రెండు మూలలు కూర్చోబెట్టి, తర్వాత రెండు పక్కలా కిందికి బొటనవేలితో నొక్కుకుంటూ రండి. లాగకూడదు. లాగి వేస్తే తర్వాత కుంచించుకుని కింది చివరలు పైకి లేస్తాయి. చివర్లో పొడవు మిగిలినట్టు అనిపిస్తే కత్తెర తియ్యకండి. పైనుంచి మళ్లీ కొద్దికొద్దిగా సర్దుకుంటూ వస్తే సరిపోతుంది. మొదట్లో తలుపు కాస్త బిగువుగా పడుతుంది, నాలుగైదు వాడకాలకు సర్దుకుంటుంది.

తలుపు పడిపోయే సంగతికొస్తే, అక్కడ నా సలహా పూర్తిగా మారుతుంది. రెండు పక్కలా ఒక్కో స్ప్రింగు, దాన్ని తలుపుకు కలిపే తాడో ప్లాస్టిక్ లింకో ఉంటాయి. ఎక్కువగా తెగేది ఆ తాడు, లేదా దాని కొక్కెం. ఇది తెగిన రోజు నుంచే తలుపు మొత్తం బరువు కీలు మీద పడుతుంది. ఇంట్లో పాకే పిల్లలుంటే ఆ తలుపు తెరవకండి, మిషను వాడకం ఆపెయ్యండి. మార్చాలంటే మిషను గూట్లోంచి బయటికి లాగాలి, పక్క రేకులు విప్పాలి, బిగువుగా ఉన్న స్ప్రింగును పట్టుకోవాలి. చేయి జారితే వేళ్లు తెగుతాయి. మాడ్యులర్ కిచెన్‌లో బిగించిన మిషనైతే ముందు చెక్క పలక కూడా విప్పాలి. ఈ పనికి ఇచ్చే కూలి దండగ కాదు. ఒక్కటి మాత్రం అడగండి: ‘అన్నా, తెగింది ఒక పక్కదే అయినా రెండు పక్కలా మార్చెయ్యండి.’ ఒక్కవైపే మారిస్తే తలుపు ఒక పక్కకు లాగుతుంది, మిగిలిన పాతది కూడా త్వరలోనే తెగుతుంది. ఆయన వెళ్లే ముందు తలుపును సగం తెరిచి వదిలి చూడండి. ఉన్నచోటే నిలబడాలి. పడిపోతే బిగువు చాలలేదు, తనంతట తాను మూసుకుంటే ఎక్కువైంది. చాలా మిషన్లలో స్ప్రింగు తగిలించే రంధ్రం మార్చి సరిచేయవచ్చు.

ఈ తాళ్లు త్వరగా తెగడానికి ఒక కారణం మన అలవాటే. తిరుపతిలో ఇల్లుందంటే దర్శనానికి వచ్చే చుట్టాలతో వంటిల్లు నిండుతుంది. ఐదు లీటర్ల కుక్కరు, ఇడ్లీ పాత్ర తెరిచిన తలుపు మీద పెట్టి, రెండు అరలూ ఒకేసారి బయటికి లాగి సర్దుతాం. అది బల్ల కాదు, దయచేసి బరువులు పెట్టకండి.

గడియ విషయం చిన్నది. ‘టక్’మని పట్టకపోతే ముందు కింది అర పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో, గరిటె కాడ ఏదైనా అడ్డొస్తోందో చూడండి. గడియే అరిగితే అసలు పార్టే వేయించండి. తలుపు తెరిస్తే నీళ్లు ఆపే స్విచ్చు దానికే ఉంటుంది. ఆ స్విచ్చును దాటేసి వైరు నేరుగా కలుపుతామనే మెకానిక్‌కు వద్దని చెప్పి పంపెయ్యండి.

ఇక కొత్త మిషను. 2025 సెప్టెంబరు 22 నుంచి డిష్‌వాషర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, ఇదే మంచి సమయమని షాపుల్లో చెప్తారు. ధర తగ్గిన మాట నిజమే. కానీ రబ్బరో తాడో అరిగినందుకు బాగా నడుస్తున్న మిషనును తీసెయ్యడం న్యాయం కాదు. లోపలి తొట్టి తుప్పు పట్టి ఉన్నా, పంపు కూడా పోయి ఉన్నా, కీలు బిగించే రేకు చిరిగి ఉన్నా అప్పుడు కొత్తదాని గురించి ఆలోచించండి. పార్టు దొరకదని సర్వీసు సెంటరులో నోటిమాటగా చెప్తే ఊరుకోకండి, రాతపూర్వకంగా అడగండి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో కొన్ని కంపెనీల స్పేర్ల వివరాలున్నాయి. సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఏది మార్చినా మొదటి నాలుగైదు వాడకాలకు మిషను ముందు, కింద, పాత దినపత్రిక పరిచి ఉంచండి. కాగితం తడిసిన చోటు చూస్తే ఇంకా కారుతోందా, ఏ మూల నుంచి కారుతోందో తెలిసిపోతుంది.