వైవాకు పిలవని విశ్వవిద్యాలయాలు: బెర్లిన్, హాంబర్గ్, వియన్నాల్లో తొమ్మిది రోజులు

మా అమ్మాయి బెర్లిన్‌లో ఎమ్మెస్ చేస్తోంది. దాన్ని చూడడానికి వెళ్తూ, చాలా ఏళ్ళుగా మనసులో ఉన్న పని కూడా పెట్టుకున్నాను. హిట్లర్ పాలనలో యూదు విద్యార్థులను చదువుకు దూరం చేసిన చోట్లు కళ్ళారా చూడాలని. ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి. గ్యాస్ చాంబర్ల గురించి అందరూ మాట్లాడతారు. దానికి ఎన్నో ఏళ్ళ ముందే అడ్మిషన్ కౌంటర్ దగ్గర, పరీక్ష గది గుమ్మం దగ్గర మొదలైన అన్యాయం నన్ను ఎక్కువగా వేధిస్తుంది.

బెర్లిన్‌లో నాలుగు రాత్రులు ఉన్నాం. స్టేషన్‌కు దగ్గర కదా అని ఒక చిన్న హోటల్ తీసుకుంటే, గదిలో రెండు సూట్‌కేసులు తెరిచే చోటు కూడా లేదు. ఫొటోల్లో అదే గది విశాలంగా కనిపించింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు గది ఎన్ని చదరపు మీటర్లో ముందే అడగండి. తిరగడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. 100 నంబర్ బస్సు ఊరి ముఖ్యమైన చోట్లన్నీ చుట్టి ఉంటర్ డెన్ లిండెన్ వీధి మీదుగానే పోతుంది. టూరిస్టు బస్సుకు డబ్బు పెట్టనక్కరలేదు.

ఆ వీధిలోనే హంబోల్ట్ విశ్వవిద్యాలయం ఉంది. ఎదురుగా బేబెల్ చౌరస్తా. 1933 మే 10 రాత్రి సుమారు 20 వేల పుస్తకాలను తగలబెట్టింది ఇక్కడే. ఆ పనికి పూనుకున్నది విద్యార్థి సంఘమే అన్న మాట మాస్టారిగా నాకు మింగుడుపడదు. చౌరస్తా మధ్యలో నేలలో ఒక అద్దం ఉంది. దాని కింద 20 వేల పుస్తకాలు పట్టే తెల్లని అరలు, అన్నీ ఖాళీ. మిఖా ఉల్మన్ చేసిన స్మారకం ఇది. పగలు వెళ్తే అద్దంలో ఆకాశం, మన మొహాలే కనిపిస్తాయి. చీకటి పడ్డాక వెళ్ళండి, లోపల దీపం వెలుగుతుంది.

చాలామంది ఫొటో తీసుకుని అక్కడినుంచే వెళ్ళిపోతున్నారు. రోడ్డు దాటితే విశ్వవిద్యాలయం గేటు ముందు, కాలిబాటలో అరచేయంత ఇత్తడి పలకలు 20 ఉన్నాయి. ఇక్కడ చదువుకుని, తర్వాత హత్యకు గురైన యూదు విద్యార్థుల పేర్లు అవి. టికెట్టు లేదు, గైడు లేడు. మా అమ్మాయి ఒక్కో పేరూ మెల్లగా చదివి, "నాన్నా, నా వయసే" అంది. ఆ మాట తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. 1933 ఏప్రిల్ 25న 'బడుల్లో, విశ్వవిద్యాలయాల్లో రద్దీ తగ్గించడం' అనే పేరుతో ఒక చట్టం తెచ్చారు. కొత్తగా చేరేవాళ్ళలో యూదులు 1.5 శాతం మించకూడదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముందు వరుసలో పోరాడిన వాళ్ళ పిల్లలకు మినహాయింపు ఇచ్చారు. 1937లో యూదులకు డాక్టరేటు ఇవ్వడం ఆపేశారు. 1938 నవంబరులో యూదుల ప్రార్థనా మందిరాలను తగలబెట్టిన కొద్ది రోజులకే, మిగిలిన యూదు విద్యార్థులనూ విశ్వవిద్యాలయాల నుంచి పూర్తిగా బయటికి పంపేశారు. ఒక్కో ఏడూ ఒక్కో తలుపు మూశారు.

యూదు మ్యూజియంలో శాశ్వత ప్రదర్శన ఉచితం, కానీ విమానాశ్రయంలో లాగా తనిఖీ ఉంటుంది. సగం రోజు పెట్టుకోండి. ఓపిక తక్కువైతే విశ్వవిద్యాలయం గేటు ముందు పలకలు చూసినా చాలు.

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఊరు హాంబర్గ్. ఇంగెబోర్గ్ రాపొపోర్ట్ అనే డాక్టరమ్మ కోసం వెళ్ళాను. 1938లో ఆమె ఇక్కడ డిఫ్తీరియా అనే గొంతు జబ్బు మీద థీసిస్ రాసింది. తల్లి యూదు వంశస్థురాలని మౌఖిక పరీక్షకు, అంటే వైవాకు, రానివ్వలేదు. జాతి చట్టాలు అడ్డు రాకపోతే ఈ థీసిస్‌ను ఆమోదించేవాణ్ణని ఆమె ప్రొఫెసర్ కాగితం మీద రాసిచ్చాడు. ఆమె అమెరికా వెళ్ళి అక్కడ మళ్ళీ వైద్యం చదివింది. తర్వాత తూర్పు బెర్లిన్‌కు వచ్చి, షారిటే ఆసుపత్రిలో నవజాత శిశువుల వైద్యంలో ప్రొఫెసర్ అయింది. 2015లో, 102 ఏళ్ళ వయసులో, ఆ ఆగిపోయిన వైవా ఇచ్చింది. చూపు సరిగా లేక, కొత్త పరిశోధనలను స్నేహితుల చేత చదివించుకుని విని తయారైంది. హాంబర్గ్ నుంచి ముగ్గురు ప్రొఫెసర్లు బెర్లిన్‌లో ఆమె ఇంటికే వచ్చి ప్రశ్నలడిగారు. పాసయింది. నేను ఎన్నో వైవాలకు కూర్చున్నాను. పిల్లలు ఒక్క వారం ఆలస్యమైతేనే ఎంత టెన్షన్ పడతారో తెలుసు. ఆమె 77 ఏళ్ళు ఆగింది.

హాంబర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎప్పెన్‌డార్ఫ్ ఆసుపత్రి ఆవరణలో వైద్య చరిత్ర మ్యూజియం ఉంది. అన్ని రోజులూ తెరవరు, వేళలు చూసుకుని బయలుదేరండి. విశ్వవిద్యాలయం పాత భవనం డామ్‌టోర్ స్టేషన్ పక్కనే. దాని ఎదుటి పచ్చిక మైదానం దగ్గర యూదులను పోగుచేసి, 1941 అక్టోబరు నుంచి రైళ్ళలో తూర్పుకు పంపారు. తరగతి గది కిటికీకీ ఆ చోటుకీ మధ్య ఉన్న దూరం నడిచి చూస్తే మనసు కలిచివేసింది.

హాంబర్గ్ నుంచి వియన్నాకు రాత్రి రైలు ఉంది. పడుకునే బెర్తు తీసుకుంటే ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది, పొద్దున్నే బ్రెడ్డూ కాఫీ ఇస్తారు. నడుము నొప్పి ఉన్నవాళ్ళకు మాత్రం సలహా ఇవ్వను.

హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకున్న 1938లోనే, దాని రాజధాని వియన్నాలో విశ్వవిద్యాలయం నుంచి 2,700 మందికి పైగా వెళ్ళగొట్టారు, ఎక్కువమంది యూదులే. చదువు పూర్తి కావస్తున్న కొందరికి పట్టా ఇచ్చారు, ఆ పట్టాతోపాటే ఉద్యోగం చేయకూడదన్న నిషేధమూ ఇచ్చారు. ప్రధాన భవనం లోపలి ప్రాంగణంలోకి ఎవరైనా వెళ్ళవచ్చు. అయితే పాత ఆసుపత్రి ఆవరణను వదులుకోకండి. ఇప్పుడది క్యాంపస్. ఆరో ప్రాంగణంలో ఒక చిన్న ప్రార్థనా గది ఉంది. యూదు రోగుల కోసం 1903లో కట్టారు, 1938లో ధ్వంసం చేశారు, తర్వాత అందులో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు, 2005లో స్మారకం చేశారు. మేం వెళ్ళేసరికి పిల్లలు గడ్డి మీద కూర్చుని నోట్సు రాసుకుంటున్నారు. ఒక అమ్మాయిని దారి అడిగితే పుస్తకం మూసి, లేచొచ్చి గుమ్మం దాకా తీసుకెళ్ళింది.