గెడ్డ గట్టున పూలు చూడటానికి మడత భూతద్దం: 10 ఎక్స్ చాలు

వానలు బాగా పడ్డాక విజయనగరం జిల్లా తాటిపూడి, శృంగవరపుకోట వైపు గెడ్డల (వాగుల) పక్కన పూసే పూలలో చాలావరకు గోరంత కూడా ఉండవు. అక్కడ ఫోను కెమెరా కన్నా మడత భూతద్దమే ఎక్కువ పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికేవి రెండు రకాలు: ‘30 ఎక్స్, 21 ఎంఎం’ (అంటే ముప్పై రెట్లు పెద్దగా చూపుతుందనీ, గాజు వెడల్పు 21 మిల్లీమీటర్లనీ) చెక్కిన చవకది, మూడు గాజులు అతికించిన 10 ఎక్స్ ట్రిప్లెట్.

చవకదాని మీది అంకె నమ్మకండి. కిటికీకి దూరంగా గోడ దగ్గర నిలబడి, తెల్ల కాగితం ముందు అద్దాన్ని ముందుకూ వెనక్కూ జరపండి. కిటికీ బొమ్మ తలకిందులుగా, స్పష్టంగా పడినచోట కాగితానికీ అద్దానికీ మధ్య ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి, 250ని దానితో భాగించండి. అదే అసలు బలం. నిజంగా 30 ఎక్స్ అయితే 8 మిల్లీమీటర్లే రావాలి. 21 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒంటి గాజుకు అది కుదిరే పనే కాదు. మంచి 10 ఎక్స్ ట్రిప్లెట్‌కు 25 మిల్లీమీటర్లు వస్తుంది, అంచుల్లో రంగుల చారలూ కనబడవు.

చాలామంది పేపరు చదివినట్టు చేయి చాచి పట్టుకుని, ఏమీ కనబడలేదంటారు. అద్దాన్ని కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టి, చేతిని బుగ్గకు ఆన్చి, పువ్వు దగ్గరికి మనమే వంగాలి. ఎండ పక్కనుంచి పడాలి.

గుంటగలగర అనుకుని గడ్డి చామంతి కోసేవాళ్లు ఎందరో! అద్దంలో చూస్తే తేడా తెలిసిపోతుంది. గడ్డి చామంతికి అంచు రేకులు సాధారణంగా ఐదే, ఒక్కోదాని కొసకు మూడు పళ్లు, నడుమ పసుపు. గుంటగలగరకు అంచు చుట్టూ సన్నటి తెల్ల రేకులు బోలెడు. వెన్నదేవికూర నీలిపువ్వు మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. దాని ఆకు తొడిమ దగ్గర ఎర్రటి నూగు కూడా చూడండి. నీరుగొబ్బి దగ్గర మాత్రం జాగ్రత్త, ఆకుల మొదట్లో పొడవాటి ముళ్లుంటాయి.

ట్రిప్లెట్‌కూ లోపాలున్నాయి. కీలు దగ్గర మర వదులవుతుంది, కళ్లజోళ్ల షాపులో చిన్న స్క్రూడ్రైవరుతో బిగిస్తారు. గెడ్డ ఇసుక అంటిన అద్దాన్ని తుడిస్తే గీతలు పడతాయి. ముందు ఊది, తర్వాత ఉతికిన పాత నూలుగుడ్డతో తుడవాలి. శానిటైజర్ తగిలితే గాజుల మధ్య జిగురు పాడవ్వొచ్చు. మెడలో తాడు వేసుకోకపోతే నీళ్లపాలే.

ఇంకోటి, ఒంగి చూస్తున్నప్పుడు నీటి మీద ధ్యాస ఉండదు. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువన అనంతగిరి కొండల మీద వాన పడొచ్చు. తేట నీరు బురద రంగుకు తిరిగిందంటే వెంటనే గట్టెక్కాలి.

మా ఓటు ట్రిప్లెట్‌కే. తంగేడు, నాభి లాంటి పెద్ద పూలు చూసి వచ్చేసేవారికి మాత్రం ఈ ఖర్చు దండగ.